షుగర్ ముందా, కడుపు ముందా?

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో టీ ఉప్పగా ఉంది. ఆ ఒక్క విషయం మీద మా ఆయన, మా అత్తమ్మ, నేను కలిసి గంటసేపు పోట్లాడుకున్నాం.

"ఏందిది? సముద్రం నీళ్లు మరగబెట్టిన్రా?" అన్నాడు మా ఆయన తిరుపతి. ఆయన మణుగూరు బొగ్గుగనిలో కార్మికుల పని చూసే ఓవర్‌మన్. సముద్రం ఇంతవరకు చూడలేదు.

"డబ్బాలు మారినయ్," అంది మా అత్తమ్మ గోరి. "ఈమె అన్నిటికీ చీటీలు అతికిస్తది గదా. ఉప్పు డబ్బాకు చక్కెర చీటీ అతికించింది."

నన్ను ఏమన్నా అనండి, పడతాను. నా చీటీలను అంటే మాత్రం ఊరుకోను! పద్నాలుగు డబ్బాలు, పద్నాలుగు చీటీలు, అన్నీ స్కెచ్ పెన్నుతో గుండ్రని అక్షరాలతో రాసినవి. కొత్తగూడెంలో డిగ్రీ చదివిన దానికి ఇప్పటివరకు మిగిలిన ఉపయోగం అదొక్కటే. రెండు డబ్బాలూ తెచ్చి అందరి ముందూ మూతలు తీశాను. ఉప్పు డబ్బాలో ఉప్పే ఉంది. చక్కెర డబ్బాలో చక్కెరే ఉంది.

"మరి టీల ఉప్పెట్ల వడ్డది?" అన్నాడు మా ఆయన.

టీ పెట్టింది మా తోటికోడలు శ్రావణి. నాలుగో నెల గర్భిణి. ఆ పిల్ల గ్లాసులు ఏరుకుని లోపలికి పోయింది.

ఆ గొడవలో ఎవరూ గెలవలేదు. కానీ పాఠకులారా, నాకు మాత్రం జ్ఞానోదయమైంది. డబ్బాకే కాదు, మనిషికి కూడా చీటీ ఉండాలి! ఆ చీటీ మీద నంబరు ఉండాలి! పల్లెల్లో పట్నాల్లో అందరూ ఆడిపోసుకుంటున్న మెడికల్ కోడింగ్ అనేది మానవజాతికి దొరికిన వరమని నేను ఈ సందర్భంగా ప్రకటిస్తున్నాను.

నవ్వకండి. మీ ఇంట్లో కూడా ఒక మెడికల్ కోడర్ ఉండే ఉంటాడు. లేకపోతే పక్కింట్లో ఉంటాడు. ఈ నాలుగైదేళ్లలో మా వైపు డిగ్రీ పాసైన ప్రతి పిల్లవాడూ అమీర్‌పేట బస్సెక్కాడు. పాసు కానివాడు అంతకుముందు బస్సే ఎక్కాడు. మూడు నెలల కోర్సు చేసి, మెడలో తాడుకు ఫొటో తగిలించుకుని తిరిగొస్తే, ఏం ఉద్యోగమో చెప్పడం కన్నవాళ్ల వల్ల కావడం లేదు. "దవాఖాన పనే, కానీ దవాఖానకు పోడు" అంటుంది మా అత్తమ్మ. అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను.

మా మరిది, శ్రావణి మొగుడు కోటేష్ ఆ పనే చేస్తాడు. అమెరికాలో ఎవరికో జబ్బు చేస్తుంది. డాక్టరు చూసి కాగితం రాస్తాడు. ఆ కాగితం హైదరాబాదులో మా కోటేష్ కంప్యూటర్లోకి వస్తుంది. అతడు చదివి, ఆ జబ్బు నంబరు వెతికి పక్కన వేస్తాడు. ఆ నంబరు పడనిదే ఇన్సూరెన్సు వాళ్లు ఆ జబ్బు వచ్చిందని నమ్మరు.

ఆ నంబర్ల పుస్తకాన్ని నేను కళ్లారా చూశాను. పీటకు బదులు వేసుకుని కూర్చోవచ్చు, అంత లావు. ఎలుక కరిస్తే ఒక కోడు! ఎడ్లబండి మీంచి పడితే ఒక కోడు! అంతరిక్ష నౌకలో దెబ్బ తగిలితే కూడా ఒక కోడు! మణుగూరు నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద గుంతలో పడితే కోడు లేదు. అది జబ్బు కాదు, ప్రయాణం అనుకున్నారేమో.

ఇంత గొప్ప విద్యను ఇళ్లలో ఎందుకు వాడుకోరు? నేను వాడుతున్నాను. భుజం మీద తువ్వాలు వేసుకుని "నా తువ్వాలేది?" అని ఇల్లంతా తిరిగే మగవాడికి ఒక కోడు ఇచ్చాను. టీవీలో సీరియల్ ఏడుపు సీనుకు వచ్చేసరికి సరిగ్గా కరెంటు తీసేవాళ్లకు ఒకటి. కడుపుతో ఉన్న పిల్లను చూడడానికి ఉత్త చేతులతో రాకూడదని మైసూర్‌పాక్ డబ్బాతో దిగే చుట్టాలకు ఒకటి. "ఒక్క ముక్కకు ఏం గాదు, తిను" అనేవాళ్లకు ప్రత్యేకంగా ఒక కోడు. ఆ ఒక్క ముక్కలో సగం తాము తినేసి మిగతా సగం పిల్లకు పెట్టేవాళ్లకు ఇంకో కోడు. మా ఇంట్లో ఈ చివరి కోడు అందరికంటే ఎక్కువగా పడేది మా అత్తమ్మకే.

మా అత్తమ్మను తప్పుగా అనుకోకండి. ఏన్కూరు దగ్గర తండాలో పుట్టి, మిరపచేలలో వంగి వంగి నడుము అరిగిన మనిషి. కోడలు కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి రోజూ పొద్దున చుర్మో చేస్తుంది. వేడి రొట్టెను చిదిమి, బెల్లం, నెయ్యి పోసి ముద్ద చేస్తే చుర్మో. "బిడ్డకు బలం" అని ఒక ముద్ద శ్రావణికి పెడుతుంది. మిగిలింది పారెయ్యలేక తను తింటుంది. మిగిలేది ఎప్పుడూ ఎక్కువే. తిన్నాక చెంబెడు నీళ్లు తాగుతుంది. ఈ మధ్య ఆ చెంబు ఆమె పక్కనుంచి కదలడం లేదు. ఇంట్లో ఏ మూల కూర్చున్నా చెంబు ఉండాల్సిందే.

శ్రావణికి చుర్మో పెట్టొచ్చా? ఇక్కడే కోడింగ్ మహిమ తెలుసుకోవాలి.

ఆ లావు పుస్తకంలో కడుపుతో ఉన్న ఆడవాళ్ల షుగర్‌కు ఒక నంబరుంది. ఆరువందల నలభై ఎనిమిది. దాని తర్వాత ఒక చుక్క. చుక్క తర్వాత సున్నా ఉంటే ఆమెకు షుగర్ ముందు నుంచే ఉంది, కడుపు తర్వాత వచ్చింది. ఎనిమిది ఉంటే కడుపు ముందు, షుగర్ తర్వాత. చూశారా! మనకు సున్నా అంటే ఏమీ లేదని. వాళ్లకు సున్నా అంటే మొదటినుంచీ ఉందని!

"రెండూ షుగరే గదా, ఏది రాస్తే ఏంది?" అని ఒకసారి కోటేష్‌ను అడిగాను.

అతడు నా వైపు జాలిగా చూశాడు. "రెండూ ఒకటి కాదు వదినా. కడుపుతోటి వచ్చింది చానామందికి కాన్పుతోటి పోతది. ముందునుంచి ఉన్నది గట్ల పోదు. వాళ్లకు మొదటి నెల నుంచే చూడాలె. కండ్లు చూడాలె, కిడ్నీలు చూడాలె, బిడ్డ గుండెకు స్కానింగ్ తియ్యాలె. మందులు మార్చాలె. సున్నా తీసి ఎనిమిది వేస్తే కేసే మారిపోతది."

ఎంత చక్కగా చెప్పాడు! పిల్లవాడి చదువు వృథా కాలేదని పొంగిపోయాను. రోజుకు పదిమంది అమెరికా గర్భిణులకు సున్నాలూ ఎనిమిదులూ పంచిపెడతాడు. తొంభై ఎనిమిది శాతం తప్పుల్లేవని కంపెనీ వాళ్లు కాగితం ఇస్తే మా అత్తమ్మ దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది.

ఇక మా ఇంటి కేసు వినండి.

శ్రావణిని మొదటిసారి బజారులో ఫరహా డాక్టరమ్మ దవాఖానకు తీసుకెళ్లింది అత్తమ్మే. నేను సంచి పట్టుకుని వెంట వెళ్లాను. నర్సు ఆదెమ్మ రక్తం తీసింది. షుగర్ ఉంది. ఆదెమ్మ పెన్ను తీసింది.

"షుగర్ ముందునుంచే ఉన్నదా, ఇప్పుడే వచ్చిందా?"

శ్రావణి నోరు తెరిచింది. అత్తమ్మ ఆ పిల్ల మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడే. కడుపుతోటే వచ్చింది. మా ఇంట్ల ఎవ్వరికీ షుగర్ లేదు."

ఆదెమ్మ అదే రాసింది. లోపల డాక్టరమ్మ ఆ కాగితం చదివి, "తిండి తగ్గించుకో, తీపి మానెయ్, పదిహేను రోజులకు రా," అంది. అంతే.

బయటికొచ్చాక ఆటోలో అడిగాను, ఎందుకట్ల చెప్పినవ్ అత్తమ్మా అని. ఆమె నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ముందే ఉన్నదంటే తండా అంత ఏమంటరు? చూసి చూసి షుగర్ పిల్లను తెచ్చుకున్నరంటరు. దీన్ని అంటరు, దీని తల్లిని అంటరు. కడుపుతోటి వచ్చిందంటే బిడ్డ తెచ్చిందంటరు. పుట్టని బిడ్డను ఎవడు తిడ్తడు?"

చూశారా ఎంత దయో! నింద మోయడానికి ఇంట్లో అందరికంటే చిన్నవాణ్ని ఎంచుకుంది. వాడు ఎదురు చెప్పలేడు కదా!

నిజానికి శ్రావణికి డిగ్రీ రెండో ఏడాదిలోనే షుగర్ వచ్చింది. కల్లూరులో పుట్టింట్లో ఉన్నప్పటి నుంచే మాత్రలు మింగుతోంది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలుసని ఎవరికీ తెలియదు. పెళ్లిచూపుల నాడు ఆ పిల్ల తల్లి మా అత్తమ్మ చెవిలో చెప్పింది. కోటేష్‌కు పెళ్లైన వారానికి శ్రావణే చెప్పింది. మా ఆయన మందుల షాపులో విన్నాడు. నాకు మెంతుల డబ్బాలో దొరికింది.

అవును, మెంతుల డబ్బాలో. ఆ పిల్ల తన మాత్రల అట్టను మెంతుల కింద దాచింది. నా పద్నాలుగు డబ్బాల్లో చీటీకీ సరుకుకీ పొంతన లేనిది అదొక్కటే! చూసి మూత పెట్టేశాను. ఏమీ అనలేదు. నేను కూడా దయగల దాన్నే కదా.

మళ్లీ ఆదివారానికి వద్దాం. ఉప్పు టీ గొడవ అయ్యాక నా మనసు ఊరుకోలేదు. చీటీలు సరిగ్గా ఉన్నప్పుడు ఉప్పు ఎట్లా పడింది? వంటింట్లోకి వెళ్లి చక్కెర డబ్బా శ్రావణి చేతికిచ్చి, "ఏం రాసున్నది చదువు," అన్నాను. కోపంగానే అన్నాను.

ఆ పిల్ల డబ్బాను దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. కిటికీ వైపు తిప్పింది. తర్వాత మెల్లగా, "అక్షరాలు ఈదుతున్నయ్ అక్కా," అంది. "పది దినాల నుంచి గిట్లనే ఉన్నయ్."

నా స్కెచ్ పెన్ను గర్వం అక్కడితో దిగిపోయింది.

కోటేష్ ముందురోజు హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు. మెంతుల డబ్బా తీసుకెళ్లి అతడి ముందు పెట్టాను. లోపలి అట్ట బయటికి తీసి చూపించాను.

"నీ పెండ్లానికి సున్నానా, ఎనిమిదా? చెప్పు."

అతడు గోడ మీది ఫ్రేము వైపు చూశాడు. "డాక్టర్ కాయితంల కడుపుతోటి వచ్చిందని ఉన్నది వదినా."

"నీ కండ్ల ముంగట మాత్రలు ఉన్నయ్ గదా?"

"మాత్రలు చూసి జబ్బు రాయరాదు. అది మా మొదటి రూలు. డాక్టర్ రాయకపోతే లేనట్టే. మనంతట మనం అనుకోరాదు."

పాఠకులారా, ఇంత క్రమశిక్షణ గల భర్తను మీరెక్కడైనా చూశారా? కట్టుకున్న భార్య స్వయంగా చెప్పిన మాట కంటే, తన తల్లి చెప్పగా ఆదెమ్మ రాసిన మాట నమ్మాడు. ఎందుకంటే అది కాగితం మీద ఉంది! అందుకే కదా ఆ కంపెనీ తొంభై ఎనిమిది శాతం ఇచ్చింది. మిగిలిన రెండు శాతం బహుశా ఇంటి కోసం దాచారు.

"మరి డాక్టర్ రాసిందే తప్పని అనుమానం వస్తే ఏం జేస్తరు మీరు?"

"క్వెరీ పెడ్తం. డాక్టర్‌నే రాసి అడుగుతం. కానీ జవాబు మనం అందియ్యరాదు. అన్ని రకాల జవాబులు రాసి, ఏదో ఒకటి ఎంచుకోమనాలె."

"పెట్టు మరి."

"డాక్టరమ్మకా?"

"డాక్టరమ్మకు ఎవరు చెప్పిన్రు?"

"యాడి," అన్నాడు. మా ఇళ్లలో తల్లిని అట్లాగే పిలుస్తారు.

"అయితే మీ యాడికే పెట్టు!"

అతడి ముఖంలో నేను అంతవరకు చూడని వెలుగు చూశాను. రూలుకు లోబడి తల్లిని ప్రశ్నించే దారి దొరికింది! నోటితో అడగాల్సిన పని లేదు! మా అమ్మాయి నోటుబుక్కులోంచి కాగితాలు చింపి, గీతలు కొట్టి, గంటసేపు రాశాడు.

మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. జొన్నరొట్టెలు, గోంగూర, కోడికూర. ప్రతి కంచం పక్కనా ఒక కాగితం, ఒక పెన్సిలు. మా ఆయన దాన్ని పెళ్లిపత్రిక అనుకుని వెనక్కి తిప్పి చూశాడు. అందులో ఇలా ఉంది.

"గౌరవనీయులకు. శ్రావణి షుగర్ గురించి దయచేసి స్పష్టం చేయగలరు. ఒకటి, కడుపుకు ముందు నుంచే ఉంది. రెండు, కడుపుతోనే వచ్చింది. మూడు, మరేదైనా. నాలుగు, చెప్పలేము. మీ జవాబు మీ సొంత అభిప్రాయమై ఉండవలెను."

అత్తమ్మకు చదువు రాదు కాబట్టి పైకి చదివి వినిపించాను. అక్షరం తగ్గించలేదు, పెంచలేదు. శ్రావణి తల వంచుకుంది.

ఇంతకూ నేనీ వ్యాసంలో కోడింగును పొగుడుతున్నాను కదా? పొగుడుతూనే ఉంటాను. ముఖం తెలియని ఒకామె ఎక్కడో అమెరికాలో కడుపుతో ఉంటే, ఆమె షుగర్ ఎప్పటిదో తేలనిదే అక్కడ కాగితం కదలదు. మా ఇంట్లో అత్త, బావ, కట్టుకున్నవాడు, చీటీలు రాసే నేను ఇంతమందిమి ఉన్నాం. టీలో పడిన చెంచాడు ఉప్పు గురించి గంటసేపు ఆడిన నోళ్లు మావి. ఒక పిల్ల ఒంట్లో ఏళ్లుగా ఉన్న షుగర్ గురించి ఈ నాలుగు నెలల్లో ఒక్కసారి తెరుచుకోలేదు. అందరికంటే ముందు నాది. అందుకే అంటున్నాను, మాలాంటి వాళ్లకు కాగితమూ పెన్సిలూ ఉండాల్సిందే!

అందరూ టిక్కు పెట్టారు. కోటేష్ కాగితాలు పోగుచేశాడు. నాదీ ఒకటో నంబరే. మా ఆయనదీ ఒకటే. కోటేష్‌దీ ఒకటే. శ్రావణిదీ ఒకటే, గీత తప్పి పక్కన పెట్టింది. అత్తమ్మ కాగితం ఖాళీగా ఉంది.

"ఇంకొక మాట," అంది శ్రావణి. నాలుగు నెలల్లో భోజనాల దగ్గర ఆ పిల్ల గొంతు విప్పడం అదే మొదలు. "నేను దినానికి ఒక్కటే మాత్ర మింగుతున్న. అట్టల రెండు రెండు తగ్గుతున్నయ్."

నేను మా ఆయన వైపు చూశాను. "నాకేం తెల్సు? మెంతుల డబ్బా ఎక్కడుంటదో నాకు తెల్వదు," అన్నాడు. ఆ మాట నేను నమ్మాను. కోటేష్ పదిహేను రోజులకొకసారి వస్తాడు. మిగిలింది ఎవరు?

అత్తమ్మ చెంబు అందుకుంది. గటగటా తాగింది. చెంబు ఖాళీ అయ్యేదాకా దించలేదు.

"యాడీ?" అన్నాడు కోటేష్.

"ఏంది యాడీ యాడీ! అది మింగితే కాళ్ల మంట తగ్గుతది, ఒకటి మింగిన. పిల్లకు పనికొచ్చేది నాకు పనికిరాదా?" అంది. ఆ తర్వాత రొట్టె తుంచుతూ కూర్చుంది. తినలేదు. శ్రావణి కళ్ల వైపు చూసింది, తన ఖాళీ కాగితం వైపు చూసింది. కంచం పక్కనున్న పెన్సిలు తీసుకుని, "ఒకటోది ఏది?" అని అడిగింది. చూపించాను. దాని చుట్టూ రొట్టె అంత గుండ్రంగా గీత గీసింది.

"ఇగ అందరు ఇనుండ్రి," అంది. "రేపు పొద్దుగాలనే నేనే దవాఖానకు పోత. నేను రాయించిన ముక్క ఆదెమ్మతోటి నేనే కొట్టేపిస్త. ముందునుంచే ఉన్నదని డాక్టరమ్మకు నా నోటితోటి చెప్త. పిల్లకు కండ్లు చూపిస్త, ఖమ్మమైనా సరే తీస్కపోత. కోటేష్, నువ్వు రేపు బస్సెక్కేది లేదు, మాతోటి రావాలె. చుర్మో గూడ బంద్."

"మరి నీకు యాడీ?"

"నాకు గూడ రక్తం తీసి చూడుమంట."

మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆమె మాట ఇంకా అయిపోలేదు.

"నా కాయితంల మాత్రం కడుపుతోటే వచ్చిందని రాయించాలె," అని రొట్టెముక్కతో చిన్నకొడుకు వైపు చూపించింది. "వీడు కడుపుల వడ్డప్పుడు వచ్చింది."

వచ్చే నెలకు కోటేష్‌కు ఇరవై ఎనిమిదేళ్లు నిండుతాయి.